బోదె మీద కారు

మా కారు గేరు బాక్సులో ఆయిలు మార్చాలంటే ముందు కాలవలు కట్టెయ్యాలి. ఈ మాట రామచంద్రపురంలో ఎవరితో అన్నా నాకేసి అదోలా చూస్తారు. కారుకీ కాలవకీ ఏంటండీ సంబంధం అంటారు. సంబంధం ఉంది. ఆ కారు నేలకి జానెడు ఎత్తు కూడా ఉండదు. జాకీ పెట్టి లేపినా దాని కిందకి మా ఆయనలాంటి భారీ మనిషి దూరలేరు, దూరినా మళ్ళీ బయటికి రాలేరు. అందుకని ఏటా వేసవిలో గవర్నమెంటు వారు కాలవలకి నీళ్ళు కట్టేసి, మా ఇంటి ముందు పొలాలకి నీళ్ళు పారే పంట బోదె అడుగు కనిపించేదాకా ఎండాక, ఆయన దాని మీద అడ్డంగా తాటి దూలాలు వేయించేవారు. కారుని వాటి మీదకి ఎక్కించి, తను బోదెలోకి దిగి గోనెసంచి పరుచుకుని పడుకునేవారు. "గ్యారేజీల వాళ్ళు డబ్బు పోసి గొయ్యి తవ్వించుకుంటారు. మనకి గవర్నమెంటు వారే తవ్వించి పెట్టారు, ఏడాదికి నెలన్నర మనదే" అనేవారు.

అది ఇంగ్లీషు కారు, నాకంటే వయసులో పెద్దది. పైన కప్పు ఉండదు. వానొస్తే వెనకనుంచి లాక్కునే గుడ్డ ఒకటి ఉంది కానీ, అది లాగి బిగించేలోపు వాన వెలిసిపోతుంది. ఎప్పుడో ఎర్రగా ఉండేదట, నేను కాపురానికి వచ్చేసరికి ఇటుక రంగుకి దిగింది. తుని వైపు ఒక ఎస్టేటు వాళ్ళ షెడ్డులో, సీట్లలో కోళ్ళు గుడ్లు పెడుతుంటే చూసి మనసు పారేసుకుని, పెళ్ళికి ముందే కొనుక్కొచ్చారు. అంటే ఈ ఇంట్లో నాకన్నా అదే సీనియరు. దానికి ఉన్నవి రెండే సీట్లు. మాకు పిల్లలు కలగలేదు, కాబట్టి సీట్లు చాల్లేదన్న గొడవ ఎప్పుడూ రాలేదు. మొదట్లో దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పొలం పని లేని రోజు మనిషి ఇంటిపట్టున ఉన్నారు కదా అని నాలుగు రకాలు వండుకుని కూర్చుంటే, ఆయన తలకాయ ఇంజన్లో ఉండేది. సవతి లేని లోటు తీర్చారు మహానుభావుడు అని వంటింట్లోంచే వినపడేలా సణిగేదాన్ని.

ఇక ఆయిలు సంగతి. ట్రాక్టరుకైనా లారీకైనా గేరు బాక్సులో చిక్కటి గేరాయిలు పోస్తారు. మా కారుతో వచ్చిన పుస్తకంలో మాత్రం ఇంజన్లో పోసే ఆయిలే గేరు బాక్సులోనూ పొయ్యమని రాసి ఉంది, ఇరవై-యాభై నంబరుది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. మా ట్రాక్టరు చూసే రామచంద్రపురం మేస్త్రీ ఏటా ఒకటే పాట పాడేవాడు. "ఆ నీళ్ళలాంటి ఆయిలేంటండీ, మన ఎండలకి ఆగుద్దాండీ? ట్రాక్టరుకి పోసే నూట నలభై పోసి చూడండి, సౌండే రాదు." ఆయనా ఏటా అదే జవాబు చెప్పేవారు. మా కారు గేర్ల మధ్య ఇత్తడి రింగులున్నాయి. గేరు మార్చేటప్పుడు అటు చక్రం వేగాన్నీ ఇటు చక్రం వేగాన్నీ కలిపేవి అవే. ట్రాక్టరు ఆయిల్లో గంధకం ఉంటుంది, అది ఇత్తడిని మెల్లగా తినేస్తుంది. తినడం సంగతి తర్వాత, ముందు ఆ చిక్కదనానికి రింగులకి పట్టు దొరక్క రెండో గేరు కరకరమని ఏడుస్తుంది. పావుగంట సాగే ఈ ప్రవచనం గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందులో ఒక్క ముక్క ఎప్పటికైనా నాకు పనికొస్తుందని మాత్రం అనుకోలేదు.

కొత్త ఆయిలు పోసే పని నాది. పోసే కన్నం కారు లోపలే ఉంటుంది. రెండు సీట్ల మధ్య దిమ్మ మీద పరిచిన పట్టా ఎత్తితే రబ్బరు మూత, ఆ మూత తీస్తే ఆయిలు ఎంతుందో చూసే కొలత పుల్ల. ఆయన కింద బోల్టు విప్పి పాత ఆయిలుని సత్తు బేసినులోకి వంపేవారు. నేను పైన నా సీట్లో కాళ్ళు ముడుచుకుని, కన్నంలో గరాటా పెట్టి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆయన పిలుపు కోసం కూర్చునేదాన్ని. పెళ్ళయిన మొదటి వేసవిలో ఎంతసేపటికీ పిలుపు రాకపోయేసరికి విసుగొచ్చి నేనే పోసేశాను. ఆయన ఇంకా బోల్టు పెట్టనేలేదు. బోదెలోంచి కేక వినపడింది. వంగి చూస్తే మొహం నిండా ఆయిలుతో కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుని ఉన్నారు. కొత్త కోడల్ని, ఇప్పుడు నాకు మూడిందనుకున్నాను. "తలంటు బాగానే పోశావే. కుంకుడుకాయ రసం కూడా పట్రా" అన్నారు.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను "పొయ్యనా?" అని అడగాలి. ఆయన "ఆగు" అంటారు. బోల్టు బిగించాక "ఊఁ, ఇప్పుడు పొయ్యి" అంటారు. రాను రాను బోల్టు బిగించేశాక కూడా నన్ను ఉడికించడానికి మూడేసిసార్లు ఆగమనేవారు. "చేతులు పీకుతున్నాయండీ" అని నేనంటే, "నా మొహం మీద పోసినప్పుడు పీకలేదా?" అనేవారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఒక్క తప్పూ ఏటా వడ్డీతో సహా వసూలు చేసుకున్నారు.

ఇంకో తంతు కూడా ఉండేది. ఆ బోల్టు కింద ఒక రాగి వాషరు ఉంటుంది, రూపాయి బిళ్ళంత. ఒకసారి బిగిస్తే అది నలిగి గట్టిపడిపోతుంది, అలాగే మళ్ళీ వాడితే ఆయిలు కారుతుంది. కొత్తది కావాలంటే మన చుట్టుపక్కల దొరకదు. అందుకని దాన్ని నా పొయ్యి మీద పెట్టి ఎర్రగా కాల్చి, చెంబెడు నీళ్ళలో వేసేవారు. చుయ్‌మనేది. అలా కాలిస్తే రాగి మళ్ళీ మెత్తబడి కొత్తదానిలా పనిచేస్తుందట. నా పట్టకారుతో, నా పాలగిన్నె దించేసి మరీ చేసేవారు ఈ పని. "వంటింట్లో ఈ ఆయిలు కంపేంటండీ" అని నేను మొత్తుకోవడం, "నీ వంకాయ పులుసు కంటే నయమే" అని ఆయన అనడం, అదీ ఏటా ఉండేదే.

ఆయిలు మార్చిన మర్నాడు పొద్దున్నే ఉప్పాడ వెళ్ళేవాళ్ళం. గేరు ఎలా పడుతోందో చూడొద్దా అనేవారు. గేరు చూడ్డానికి ఊరి చివరిదాకా వెళ్తే చాలు. కానీ కాకినాడ దాటి సముద్రం పక్క రోడ్డెక్కేసరికి ఆయనకి మాటలు వచ్చేవి. ఇంట్లో అడిగితే తప్ప నోరు విప్పని మనిషి, అక్కడ చిన్నప్పటి సంగతులు, వాళ్ళమ్మ సంగతులు, చదవాలనుకుని చదవలేకపోయిన చదువు, అన్నీ చెప్పేవారు. గాలికి సగం మాటలు ఎగిరిపోయేవి. నేను చెవి ఆయన భుజం దగ్గర పెట్టి వినేదాన్ని. ఉప్పాడలో సముద్రం ఏటా ఒడ్డుని కోసేస్తుంది. "పోయినేడు మనం కారాపింది అదిగో, అక్కడ" అని నీళ్ళకేసి వేలు చూపించేవారు. తిరిగొచ్చేటప్పుడు స్టీరింగు నాకిచ్చేవారు, నేను డ్రైవింగు నేర్చుకుంది అలాగే. ఆ ఒక్క రోజు కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

తొంభై ఆరులో, దీపావళి ముందు, తుఫాను వచ్చింది. మా కొబ్బరి తోట ఒక్క పూటలో పడుకుంది. అవి మా మావగారు నాటిన చెట్లు. వరి పడిపోతే వచ్చే పంటకి లేస్తుంది, కొబ్బరి పడిపోతే మళ్ళీ గెల చూడ్డానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆయన ముందు తోటలోకి వెళ్ళడం మానేశారు, తర్వాత మాట్లాడడం మానేశారు. అన్నం పెడితే తినేవారు, నీళ్ళిస్తే తాగేవారు. నేను చెవినిల్లు కట్టుకుని పోరినా "ఊఁ" అన్న ఒక్క ముక్కే. కారు మీద దుమ్ము కూడా తుడవలేదు. ఏప్రిల్లో ఒకరోజు ఉన్నట్టుండి, "కారు అమ్మేద్దాం. కడియం నుంచి మొక్కలు తెచ్చి తోటంతా ఒకేసారి వేసేద్దాం" అన్నారు. అయిదారు నెలల్లో ఆయన నోట్లోంచి వచ్చిన పెద్ద మాట అదే.

మంచి ఆలోచనే. ఎవరిని అడిగినా అదే చెబుతారు. నాకు మాత్రం భయమేసింది. తోట ఇవాళ కాకపోతే రేపు పెరుగుతుంది. ఆ కారు పోతే ఈ మనిషి మళ్ళీ ఎక్కడ కూర్చుని మాట్లాడతారు? వద్దండీ అన్నాను. "రెండు సీట్ల ముచ్చట కోసం తోట బీడు పెట్టుకుంటామా?" అన్నారు. ఆ పైన ఇంకేం చెప్పినా ఊఁ తప్ప జవాబు లేదు.

కాకినాడ నుంచి ఒకాయన కొనడానికి వస్తానని కబురు చేశాడు. అమ్మే ముందు ఆయిలు మార్చి ఇవ్వడం మర్యాద అని మా ఆయన పట్టు. కాలవలు కట్టేశారు, బోదె ఎండింది, కారు దూలాలెక్కింది. ఆ రోజు పాత ఆయిలు దింపి, వాషరు కాల్చి, బోల్టు బిగించారు. ఇంకా చేతులు కడుక్కోకముందే, కడియం నర్సరీకి వెళ్ళే వ్యాను వీధి చివర ఆగిందని ఎవరో వచ్చి చెప్పారు. "నువ్వు పోసి ఉంచు. మూడు లీటర్లు పడుతుంది. పుల్ల మీద పై గీత దాకా రావాలి" అని చెప్పి వెళ్ళి ఎక్కేశారు. ఆ పని నా ఒక్కదాని చేతిలో పెట్టడం అదే మొదటిసారి.

ఇరవై-యాభై డబ్బాలు మూడూ నా కళ్ళ ముందే ఉన్నాయి. వాటిని తీసుకెళ్ళి వడ్ల గాదెలో దాచి, ట్రాక్టరు షెడ్డులోకి వెళ్ళాను. నూట నలభై డబ్బా మూత తీసేసరికి కుళ్ళిన వెల్లుల్లి కంపు గుప్పుమని కొట్టింది. ఆయిలు బెల్లం పాకంలా ఉంది, వంచితే తీగలు సాగుతూ దిగుతోంది. మూడు లీటర్లు గరాటాలోంచి దిగడానికి మధ్యాహ్నం దాటింది. పోస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. అది ఇత్తడిని తినేస్తుందని నాకు తెలుసు. తెలిసే పోశాను.

మర్నాడు కాకినాడాయన వచ్చాడు. కారుని దూలాల మీంచి దించేటప్పుడే మా ఆయన ఒక్క క్షణం ఆగి గేరు కర్రకేసి చూశారు.  తాళం కాకినాడాయన చేతికిచ్చి, తను నా సీట్లో కూర్చున్నారు. మొదటి గేరులో కదిలింది. రెండో గేరుకి పెట్టిన కరకర మా గుమ్మం దాకా వినిపించింది. కాలవ గట్టు దాకా వెళ్ళి అరగంటలో తిరిగొచ్చారు.

"గేరు బాక్సు పోయినట్టుందండీ. మీరు ఆ మాట చెప్పలేదు" అన్నాడు కాకినాడాయన దిగుతూ.

మా ఆయన ఒక్క మాటంటే చాలు. ఆయిలు తప్పు పడిందండీ, మార్చి ఉంచుతాను, రేపు రండి అంటే సరిపోతుంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. మా ఆయన ఒకసారి నాకేసి చూశారు.

"పాత బండి కదండీ," అన్నారు. "నచ్చకపోతే బలవంతం ఏముందండీ. కాఫీ తాగి వెళ్ళండి."

ఆ కాఫీ నేనే తెచ్చిచ్చాను.  కాకినాడాయన వెళ్ళిపోయాక మా ఆయన నా పక్కనుంచి లోపలికి వెళ్తూ, "నిన్నటి చీర విడిగా ఉతుక్కో. ఆ కంపు ఒక పట్టాన పోదు" అన్నారు.  నేను గాదెలోంచి డబ్బాలు తీసుకొచ్చి, వడ్ల దుమ్ము తుడిచి, అరుగు మీద పెట్టాను.

సాయంత్రానికి కారు మళ్ళీ బోదె ఎక్కింది. నేను నా సీట్లో కూర్చున్నాను. కింద నుంచి చాలాసేపటికి గొంతు వినపడింది.

"అమ్మొద్దని నోటితో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మీరు విన్నారా?"

బేసినులో ఆయిలు పడుతోంది. "వినలేదు" అన్నారు. ఆ వెనకే, "పోస్తే పోశావు, మూడు లీటర్లూ పొయ్యాలా? గేరు పడకుండా ఉండడానికి లీటరు కలిపితే చాలదూ? ఇప్పుడు ట్రాక్టరుకేం పొయ్యను, నా తలకాయా?" అన్నారు.

ఏడుస్తూనే నవ్వాను. లోపల అంటుకున్న చిక్కటి ఆయిలు కడుక్కుపోవడానికి ఒకసారి ఇరవై-యాభై పోసి, నాలుగు వీధులు తిప్పి, దాన్నీ దింపేసి, మేస్త్రీ చేత తెప్పించిన మూడు డబ్బాలు పోశాం. మేస్త్రీ ఎందుకని అడిగితే "ఏదో నలక పడిందిలే" అన్నారు. నేను చేసిన నిర్వాకం ఆయన కడుపులోనే ఉండిపోయింది, ఒక్క ముక్క బయటికి రాలేదు. తర్వాతి రోజు ఉప్పాడ వెళ్ళాం. ఆ సముద్రం ముందు కారులో కూర్చుని, తోట పడిపోయాక మొదటిసారి, మా ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తిరుగు దారిలో తోటలో ఏ వరసలో ఏం మొక్క వెయ్యాలో ఇంటిదాకా చెబుతూనే ఉన్నారు. ఒకేసారి తోటంతా వెయ్యలేకపోయాం. ఏడాదికి కొన్ని మొక్కల చొప్పున వేశాం.

రెండు వేల మూడు వేసవిలో ఆయిలు మార్చినప్పుడు మామూలు కంటే ఒకసారి ఎక్కువగా, నాలుగుసార్లు ఆగమన్నారు. అది నాకు బాగా గుర్తు, విసుక్కున్నాను కూడా. ఆ ఏడు రెండో పంట, దాళ్వా నాట్లప్పుడు, పొలం గట్టు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారు. అప్పటికి తోటలో మొదటి వరస గెల వేసింది. ఆ బొండాలు ఆయన తాగలేదు.

కారు నేనే నడుపుకున్నాను. వారానికోసారి కాలవ గట్టు మీద తిప్పి తెచ్చేదాన్ని. తర్వాతి వేసవిలో బోదె ఎండింది, పాలేరు దూలాలు వెయ్యమంటారా అమ్మగారూ అని అడిగాడు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను. వచ్చే ఏడూ అదే అన్నాను. కారణం ఎవరికీ చెప్పలేదు, చెబితే పిచ్చిదనుకుంటారు. ఇంట్లో ఆయన చెయ్యి తగిలినవన్నీ ఒక్కొక్కటే నా చేతుల్లోకి వచ్చేశాయి. కళ్ళజోడు నేనే తుడిచి పెట్టెలో పెట్టాను. పరుపు నేనే దులిపాను. తాళాల గుత్తి నా బొడ్లో చేరింది. ఆయన బిగించి వదిలింది వదిలినట్టుగా ఉన్నది కారు కింద ఆ బోల్టొక్కటే. దాన్ని విప్పేస్తే ఇక ఆయన చేత్తో చేసిన పని ఈ ఇంట్లో ఏదీ మిగలదనిపించేది. అలా నాలుగు వేసవులు గడిపేశాను.

అయిదో ఏడు రెండో గేరు మొరాయించడం మొదలుపెట్టింది. మేస్త్రీని పిలిస్తే వచ్చి, కొలత పుల్ల తీసి, ఎండలో పట్టుకుని చూశాడు.

"తారైపోయిందండి అమ్మగారూ. ఈ మెరుపు చూశారా, ఇత్తడి పొడండి ఇది. ఇంకో ఏడాది ఇలాగే తిప్పారంటే రింగులు మిగలవండి. ఆయనగారు ఎంత జాగర్తగా చూసుకున్నారండి దీన్ని. బోల్టు నే తీసేస్తానండి, పావుగంట పని."

"నువ్వు ముట్టుకోకు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పాపం అతని మొహం చిన్నబోయింది.

ఆ పూట అన్నం సహించలేదు. ఒకప్పుడు ఆయన్ని పోగొట్టుకోకూడదని ఆ గేరు బాక్సులో పొయ్యకూడనిది పోశాను. ఇప్పుడు కూడా ఆయన్ని పోగొట్టుకోకూడదనే, తియ్యవలసింది తియ్యకుండా కూర్చున్నాను. రెండుసార్లూ నేను తినిపించింది ఆయన ప్రాణంలా చూసుకున్న ఆ ఇత్తడినే. అప్పుడైతే నా తప్పు దిద్దడానికి కింద ఆయన ఉన్నారు.

ఇక మర్నాడు కాలవలకి నీళ్ళు వదులుతారనగా దూలాలు వేయించాను. పాలేరుని పంపేసి, కారు నేనే ఎక్కించాను. చీర ఎగదోపి, గోనెసంచి పట్టుకుని బోదెలోకి దిగాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ కారు అడుగు చూడ్డం అదే మొదలు. ఆయన పానా పట్టి తిప్పితే బోల్టు కదల్లేదు. "ఎంత గట్టిగా బిగించారండీ" అని పైకే అన్నాను. రెండు కాళ్ళూ బోదె గట్టుకి తన్నిపెట్టి మళ్ళీ లాగాను. మూడోసారికి కిర్రుమని వదిలింది. ఆ వదలడం నా చేతులకి తెలిసింది. చాలాసేపు దాన్ని విప్పకుండా అలాగే పట్టుకుని పడుకున్నాను. తర్వాత విప్పాను. నల్లటి ఆయిలు బేసినులో పడింది, చివరికి చుక్కలు చుక్కలుగా కారి ఆగిపోయింది.

వాషరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, పాలగిన్నె దించి, పొయ్యి మీద కాల్చాను. ఎర్రబడ్డాక పట్టకారుతో తీసి చెంబులో వేశాను. చుయ్‌మంది. కొత్తది కొననక్కర్లేదు, అదే మెత్తబడి మళ్ళీ పనికొస్తుంది. ఆయన వేలితో తుడిచినట్టే కొంగుతో తుడిచి, బోల్టుకి తొడిగి, మళ్ళీ బోదెలోకి దిగి నాకు చేతనైనంత గట్టిగా బిగించాను.

పైకి వచ్చి చేతులు కడుక్కుని, కారు చుట్టూ తిరిగి వెళ్ళి నా సీట్లోనే కూర్చున్నాను. పట్టా ఎత్తి, మూత తీసి, గరాటా పెట్టి, ఇరవై-యాభై డబ్బా చేతుల్లోకి తీసుకున్నాను. బోల్టు బిగించింది నేనే, బిగించిన సంగతి నాకంటే ఎవరికి తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"పొయ్యనా?" అన్నాను.

ఆగమని కింద నుంచి ఎవరూ అనలేదు. ఆగాను. డబ్బా పట్టుకున్న చేతులు పీకేదాకా ఆగాను. తర్వాత పోశాను.